‘పుత్ర పౌత్ర పారంపర్యముగా’: ఈ అనువాదం ఒప్పా, తప్పా?

పర్లాకిమిడి నుంచి అడుగుతున్నాను. 1936కి ముందు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కదా, ఇంట్లో పాత కాగితాలన్నీ తెలుగులోనే ఉన్నాయి. అమ్మమ్మ తండ్రికి వచ్చిన దానపత్రాన్ని కోర్టు కోసం ఇంగ్లీషు చేయించాం. చివర ఇలా ఉంది: ‘మీరు మీ పుత్ర పౌత్ర పారంపర్యముగా దాన వినిమయ విక్రయాది సర్వస్వాతంత్ర్యములతో సుఖాన అనుభవించుకొనవలెను.’ అనువాదకుడు ‘సన్స్ అండ్ గ్రాండ్‌సన్స్’ అన్నాడు. దానం పుచ్చుకున్న అమ్మమ్మ తండ్రికి అమ్మమ్మ ఒక్కతే సంతానం. కొడుకుల్లేరు కాబట్టి హక్కు ఆయనతోనే ఆగిందని అవతలివాళ్ల వాదన. ఒకటే టెన్షన్. ఆ ఇంగ్లీషును ఇంకొకరి చేత మళ్లీ తెలుగు చేయించాం. అచ్చం ‘కొడుకులు, మనవలు’ అనే వచ్చింది. అంటే సరైనదనేనా?

జవాబు, రాయగడ నుంచి:
తిప్పి రాయిస్తే దొరికే తప్పు కాదండీ ఇది. మాటకు మాట సరిపోయింది, హక్కు మాత్రం జారిపోయింది. దస్తావేజు రాసేవాళ్లు కొడుకులను లెక్కపెట్టి ఆ మాట రాయరు. తరతరాలకూ దిగే పూర్తి హక్కు అని చెప్పడానికి రాస్తారు. ఒడియాలోనూ ‘పుత్ర పౌత్రాది క్రమే’ ఉంది. బెంగాల్ నుంచి వెళ్లిన వ్యాజ్యంలో ఈ మాట మీదే 1881లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లో ఉన్న పై అప్పీలు కోర్టు) తీర్పు ఉంది: ఆడ వారసులను ఇది తోసెయ్యదు. మీ వకీలుగారికి చెప్పండి. అనువాదాన్ని చూసేటప్పుడు ‘ఈ కాగితం ఎవరికి ఏం ఇస్తోంది’ అని రెండు భాషల్లోనూ అడగాలి. జవాబులు వేరైతే అది ఎంత నున్నగా ఉన్నా పనికిరాదు.

జవాబు, బరంపురం నుంచి:
కొంచెం ఆగండి మాస్టారూ. అనువాదకుడే ‘సంపూర్ణ హక్కు’ అని రాసేస్తే అది తీర్పు చెప్పినట్టు కాదా? ఆ పని జడ్జిగారిది. నేనైతే అసలు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే ఉంచి, పక్కన మాటకు మాట అర్థం, కింద ‘దస్తావేజుల్లో వాడే స్థిరపదం’ అని ఒక ముక్క రాస్తాను.

జవాబు, రాయగడ నుంచి:
ఒప్పుకుంటాను, అదే మేలు. ఇంతకీ ఇంగ్లీషులో ‘వినిమయ’ (అంటే మార్పిడి) ఏమైంది? దానం, వినిమయం, విక్రయం మూడూ వేరువేరు బదలాయింపులు. 1882 ఆస్తి బదలాయింపు చట్టంలో విక్రయం 54, వినిమయం 118, దానం 122 సెక్షన్లు.

పర్లాకిమిడి నుంచి:
ఇప్పుడే చూశానండీ. ‘యూజ్’ అని రాశాడు. వినియోగం అనుకున్నట్టున్నాడు. అవతలి వకీలు దీన్నింకా చూడలేదు.