అమ్మానాన్నలతో అండలూసియా: ఆరు రోజులు, మే మంచిదా జూలై మంచిదా?

తెనాలి అమ్మాయి:
నమస్తే అండీ. మేం డబ్లిన్‌లో ఉంటాం. అమ్మానాన్న ఏప్రిల్‌లో వస్తున్నారు, ఆగస్టు దాకా ఉంటారు. ఈ వానకీ చలికీ ఇంట్లోంచి కదలరేమోనని, ఓ వారం దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియా ఎండలోకి తీసుకెళ్దామనుకుంటున్నాం. మాలగాకి నేరుగా ఫ్లైట్ ఉంది. మా ఆయన సముద్రం పక్కనే ఉండిపోదామంటారు. నాకేమో గ్రనాడా, కోర్దోబా, సెవిల్యా మూడూ చూపించాలని ఉంది. నాన్నకి 68, వ్యవసాయం చేసిన మనిషి, ఎంతైనా నడుస్తారు. అమ్మ శాకాహారి, షుగరుంది, మోకాళ్ళ నొప్పులు. పిల్లల సెలవులు జూలైలో. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

అమలాపురం కోడలు:
చేతులు జోడించి అడుగుతున్నా, జూలై వద్దు. సెవిల్యాలో మూడేళ్ళు కాపురం చేశాం. జూలై మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. ఊరివాళ్ళే కిటికీ తెరలు దించుకుని సాయంత్రం దాకా బయటికి రారు. మనం రెంటచింతల ఎండలు చూసినవాళ్ళమే అనుకోవద్దు, రెంటచింతలలో మిట్టమధ్యాహ్నం పూట కోటలు చూడ్డానికి బయల్దేరం కదా!

పిల్లలకి నాలుగు రోజులు బడి పోయినా సరే, మే మొదటి రెండు వారాల్లో వెళ్ళండి. కోర్దోబాలో అప్పుడు ఇళ్ళవాళ్ళు తమ లోపలి వాకిళ్ళు తెరిచి, వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా చూపిస్తారు. 2012లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చిన పండగ. సున్నం కొట్టిన గోడలకి కిందినుంచి పైదాకా పూలకుండీలు. అంత ఎత్తు కుండీలకి నీళ్ళెలా పోస్తారా అని మా అత్తగారు చూస్తూ నిలబడ్డారు. ఆ ఇంటి పెద్దావిడ పొడవాటి వెదురు కర్ర చివర కట్టిన డబ్బాతో నీళ్ళు ముంచి, ఒక్కో కుండీకీ వంచుతోంది. చుక్క కింద పడలేదు. మా అత్తగారు కర్ర అడిగి తీసుకుని తనూ రెండు కుండీలకి పోశారు. ఇద్దరికీ భాష తెలీదు, పావుగంట మాట్లాడుకున్నారు.

మీ నాన్నగారు రైతు అన్నారు గనక ఇంకో మాట. కోర్దోబాలో మెస్కీతా ఉంది, 785లో మొదలుపెట్టిన మసీదు. 1236లో చర్చి అయింది, తర్వాత 16వ శతాబ్దంలో దాని నడుమనే పెద్ద కథీడ్రల్ లేపారు. లోపల 850కి పైగా స్తంభాలు, వాటిమీద ఎరుపూ తెలుపూ పట్టీల రెండంతస్తుల కమానులు. చాలా స్తంభాలు పాత రోమన్ కట్టడాల నుంచి తెచ్చినవి, అందుకే ఒకదాని రంగు ఇంకోదానికి ఉండదు. అందరూ అక్కడికే పరిగెడతారు. మా మామగారు మాత్రం బయట నారింజ చెట్ల ప్రాంగణంలోనే ఆగిపోయారు. రాతి నేలలో చెట్టు నుంచి చెట్టుకి సన్నటి కాలవలు, ప్రతి చెట్టు మొదట్లో గుండ్రటి పాదు. ఒంగుని చూసి, "ఇవి మన బోదెలే కదమ్మా" అన్నారు. కొబ్బరితోటకి యాభై ఏళ్ళు నీళ్ళు కట్టిన చెయ్యి! ఆ చెట్టుని స్పానిష్‌లో నరాంహో అంటారు, కాయని నరాంహా. సంస్కృతం నారంగం పర్షియా, అరబ్బుల మీదుగా అక్కడికి చేరింది, మన నారింజా ఆ చుట్టమే. ఆ కాయలు కోసుకుని తినకండి, చేదు.

గ్రనాడాలో అల్‌హంబ్రా (హ పలకరు, అలాంబ్రా అంటారు) కూడా నీళ్ళ కథే. కొండమీది కోటకి దార్రో నది నీళ్ళని పైనెక్కడో మళ్ళించి కాలవలో తెచ్చుకున్నారు. హెనెరలీఫే తోటలో ఒక మెట్లదారి ఉంది, చేత్తో పట్టుకునే పిట్టగోడ పైనే నీళ్ళు పారుతుంటాయి. చెయ్యి పెట్టుకుని దిగొచ్చు. అమ్మగారి మోకాళ్ళకి ఆ మెట్లు కష్టమనిపిస్తే కింద నిలబడి చూసినా చాలు.

అల్‌హంబ్రా టికెట్ జాగ్రత్త. పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే, కొన్ని వారాల ముందే తీసుకోండి. కోట లోపలి నస్రిద్ రాజమందిరాలకి టైమ్ స్లాట్ ఇస్తారు, అది దాటితే పంపరు. మేం మధ్యవర్తి సైట్‌లో ఎక్కువ డబ్బు పోసి కొంటే మామగారి పేరు తప్పు పడింది, గేటు దగ్గర గంట నిలబెట్టారు. కోట సొంత సైట్‌లోనే కొనండి.

సెవిల్యాకి రెండు రాత్రులు చాలు. అక్కడి కథీడ్రల్ గంటల గోపురం హిరాల్దా ఎక్కడానికి మెట్లు కాదు, వాలుదారి, చివర్లోనే కొన్ని మెట్లు. మా అత్తగారు నెమ్మదిగా ఎక్కేశారు, దిగడమే నొప్పి పెట్టింది.

కూచిపూడి వసుధ:
ఫ్లామెంకో వదలొద్దు, అక్కడి పాటా నాట్యమూ కలిసిన కళ. సెవిల్యాలో త్రియానా పేట వైపు చిన్న గదుల్లో, ముప్పై నలభై మంది కూర్చునే చోట చూడండి. మైకులు లేకుండా పాదం దెబ్బ చెక్కమీద పడుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. దాన్ని పెంచి పోషించినవాళ్ళలో హితానోలు (స్పెయిన్ జిప్సీలు) ముఖ్యులు, వాళ్ళ పూర్వీకులు శతాబ్దాల కిందట మన ఉపఖండం నుంచి వెళ్ళినవాళ్ళేనని భాషాశాస్త్రం చెప్తోంది. చేతి చప్పట్లతో తాళం వేసేవాళ్ళనే చూస్తూ కూర్చున్నా నేను. సాయంత్రం ఏడింటి ఆట తీసుకోండి, పెద్దవాళ్ళకి అదే వీలు.

వంటింటి సుబ్బలక్ష్మి:
షుగరున్నవాళ్ళకి అక్కడ అసలు చిక్కు భోజనం వేళ. చాలా హోటళ్ళలో మధ్యాహ్నం నాలుగింటికి వంటిల్లు మూస్తే మళ్ళీ ఎనిమిదిన్నరకే తెరుస్తారు. వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, అటుకులు, కారప్పొడి దగ్గరుంచుకోండి. పెరుగు ప్రతి సూపర్‌మార్కెట్లో ఉంటుంది.

శాకాహారం అని చెప్పినా సలాడ్‌లో చేపముక్కలు, చల్లటి టమాటా సూప్ సాల్మొరేహో మీద పందిమాంసం, గుడ్డు చల్లేస్తారు. "సిన్ హామోన్, సిన్ అతూన్, సిన్ వేవో" (పందిమాంసం, చేప, గుడ్డు వద్దు) అని కాగితమ్మీద రాసుకుని చూపించండి. సెనగలు వేసిన పాలకూర సెవిల్యాలో బాగుంటుంది. వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం పోసి ఇస్తారు. మా అమ్మ ఒక్క ముక్క నోట్లో వేసుకుని "బెల్లం పాకమే" అంది. మీ అమ్మగారికి ఒక్క ముక్కే!

డబ్లిన్ శ్రీను:
ఒకటి మర్చిపోతున్నారు. ఐర్లండ్ వీసా స్పెయిన్‌కి పనికిరాదు, స్పెయిన్ లాంటి చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా వేరే కావాలి. పెద్దవాళ్ళు ఇండియా నుంచి బయల్దేరకముందే అక్కడే వేయించండి. కారు వద్దు, పాత ఊళ్ళ సందుల్లో తిప్పలేరు. మాలగా నుంచి గ్రనాడాకి బస్సు, మిగతావి రైళ్ళు. కోర్దోబా నుంచి సెవిల్యా ఫాస్ట్ ట్రైన్‌లో ముప్పావుగంటే.

తెనాలి అమ్మాయి:
వీసా సంగతి నిజంగా తెలీదు శ్రీను గారూ, ఇప్పుడే నాన్నకి ఫోన్ చేశా. మే మొదటి వారం ఖాయం చేశాం. గ్రనాడా రెండు, కోర్దోబా ఒకటి, సెవిల్యా రెండు, ఆఖరి రాత్రి మా ఆయన కోసం మాలగా సముద్రం. కోడలు గారూ, కోర్దోబాకి ఒక్క రాత్రి చాలదా?

అమలాపురం కోడలు:
సెవిల్యాలో ఒకటి తగ్గించి కోర్దోబాకి ఇవ్వండి. మెస్కీతాకి పొద్దున్నే వెళ్ళండి, గుంపులు రాకముందే. నాన్నగారిని ఆ చెట్ల కింద కాసేపు వదిలెయ్యండి.