ఆడపిల్లకు టీకా ముందా, అమ్మకు పరీక్ష ముందా?

పలాస ఆడపడుచు:
మా పిన్ని జీడిపప్పు కార్ఖానాలో పాతికేళ్లు పిక్కలు ఒలిచింది. ముట్లుడిగిన నాలుగేళ్లకు మళ్లీ రక్తం కనబడితే వేడి చేసిందనుకుని మజ్జిగ తాగింది. ఎవరికీ చెప్పలేదు. ఏడాది తరువాత నడుము నొప్పికి చూపించుకుంటే, గర్భసంచి ముఖద్వారానికి వచ్చిన క్యాన్సర్ బాగా ముదిరిందన్నారు. విశాఖలో రేడియేషన్ ఇప్పించాం. దక్కలేదు.

9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ క్యాన్సర్ రాకుండా వేసే టీకాను ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం చెప్పినప్పటి నుంచి అందరి నోటా టీకా మాటే. మంచిదే. కాని ఈ క్యాన్సర్‌ను తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్ అప్పటికే సోకి ఉంటే, దాన్ని ఆ టీకా తొలగించలేదు. మా అమ్మ వయసు వాళ్లకు జబ్బును ముందే పట్టే పరీక్ష ఒక్కటే దారి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో ఆ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. డబ్బూ మనుషులూ తక్కువైన చోట ముందు తల్లులనే చూడాలి. కాదనేవారు చెప్పండి.

నెల్లిమర్ల మాస్టారు:
అమ్మా, మీ పిన్నిగారి సంగతి చదివి మనసు కలతపడింది. అయినా మీ వాదన ఒప్పుకోలేను. తల్లి పరీక్షకు రావాలంటే ఒక రోజు కూలి పోవాలి, సిగ్గు చంపుకోవాలి, తేడా ఉందంటే మళ్లీ వెళ్లాలి. పిల్ల బడిలోనే ఉంటుంది. ఈ క్యాన్సర్లలో నూటికి 70 వరకు హెచ్‌పీవీ 16, 18 రకాల వల్లే వస్తాయి. టీకా ఆ రెండింటినీ అడ్డుకుంటుంది. ఈ వయసు పిల్లలకు ఒక్క మోతాదైనా సరిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

'పెళ్లికాని పిల్లకు ఆ టీకా ఎందుకు' అని మా బడికి వచ్చిన ఒక తల్లి అడిగారు. హెచ్‌పీవీ లైంగికంగా సోకుతుందనే ఆ మాట. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి కూడా అలా సోకేదే. దాని టీకాను పుట్టిన రోజే వేస్తున్నాం. అప్పుడు ఎవరం ఈ ప్రశ్న అడగలేదు.

బొబ్బిలి తండ్రి:
మాస్టారూ, నాకు ఇద్దరు కూతుళ్లు. నా భయం వేరు. 2009లో ఖమ్మం జిల్లాలో ఈ టీకానే అధ్యయనం పేరుతో వేశారు. అక్కడా గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010లో ఆపేశారు. నా పిల్లలకు ఎలా వేయించను?

రణస్థలం ఏఎన్ఎం:
అన్నయ్యా, ఆ పిల్లల్లో ఒకరు నీటిలో మునిగి, ఒకరు పాముకాటుతో పోయారు. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలిన తప్పు మరొకటి ఉంది: తల్లిదండ్రులను అడగకుండా హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. మీ కోపం న్యాయమైనదే, కాని అది టీకా మీద కాదు, ఆ సంతకాల మీద ఉండాలి.

ఇక పరీక్ష సంగతి. పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే వెనిగర్ లాంటిదాన్ని, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తాం. తేడా ఉన్న చోట తెల్లబడుతుంది. అంతే. ముంబై మురికివాడల్లో మాలాంటి కార్యకర్తలే రెండేళ్లకోసారి ఇలా చూస్తే ఈ జబ్బు మరణాలు 31 శాతం తగ్గాయి. మరి మా దగ్గరికి ఎందుకు రారు? 'చూస్తే గర్భసంచి తీసేస్తారు' అని భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. తెల్లబట్ట అయినా తీసేయమనడమే! క్యాన్సర్‌కు ముందు దశ మచ్చను చాలామందికి అక్కడికక్కడే వేడితో మాడ్చవచ్చు, సంచి తీయనక్కర్లేదు. ఈ ముక్క ఇంటింటికీ చేరాలి.

పలాస ఆడపడుచు:
మీ మాటతో నాకొకటి తోచింది. టీకాకు తల్లి సంతకం తప్పనిసరి చేద్దాం. బడికి కాగితం పంపి పెట్టించుకునే సంతకం కాదు, తల్లే ఆరోగ్య కేంద్రానికి వచ్చి, అడగాల్సింది అడిగి పెట్టే సంతకం. వచ్చిన రోజే ఆమెకూ పరీక్ష. 30 దాటినవారందరికీ. అప్పుడు ముందూ వెనుకా అన్న తగువే ఉండదు. నా మొదటి మాట ఆ మేరకు వెనక్కి తీసుకుంటున్నాను.

నెల్లిమర్ల మాస్టారు:
ఆలోచన బాగుంది. కాని రాలేని తల్లి కూతురికి టీకా ఆగకూడదు. జనపనార మిల్లు షిఫ్టులో ఉన్న తల్లి ఏం చేస్తుంది? ఆమెకు ఫోనులో చెప్పి, తండ్రి సంతకం తీసుకోవాలి. తల్లి పరీక్షకు ఇంకో రోజు ఇవ్వాలి.

బొబ్బిలి తండ్రి:
నన్ను పిలిచి, కూర్చోబెట్టి చెబితే సంతకం పెడతాను. మా ఆవిడను కూడా తీసుకొస్తాను. కాని అక్కడ చూసేది మగ డాక్టరైతే ఆమె లోపలికి రాదు.

రణస్థలం ఏఎన్ఎం:
చూసేది నేనే, అన్నయ్యా. తలుపు గడియ పడే గది, ఒక తెర, ఒక బల్ల కావాలి. మా కేంద్రంలో గడియ లేదు. రేపు వడ్రంగిని పిలుస్తున్నాను. మధ్యాహ్నం మూడు తరువాత రమ్మనండి, పొలం నుంచి వచ్చేవారికి ఆ వేళే వీలు.