రోడ్ బైక్‌కి 32 ఎంఎం వెడల్పు టైర్ పట్టట్లేదు, మట్టిదారికి ఏది వేయాలి?

పెడల్‌పిచ్చి:
పొద్దున తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు మధ్యాహ్నం రెండు. గండిపేట వెనక మట్టిదారుల్లో తిరుగుదామని 32 టైర్లు తెప్పించాను. ముందు చక్రం ఎలాగో దూరింది, వెనకది మాత్రం గాలి కొట్టేదాకా బాగానే తిరిగి, గాలి ఒత్తిడి 50 పీఎస్ఐ దాటగానే పైన రాసుకుని ఆగిపోతోంది. ఊడదీయడం, బిగించడం, బొటనవేళ్లు వాచిపోయాయి. పాత 25లతో వెళ్తే రెండు కిలోమీటర్లకే పంక్చర్. ఏ టైర్ కొనాలో ఒక్క ముక్క చెప్పండి చాలు.

చైన్‌మసి:
ఏ బైక్? ఏ బ్రేక్?

కాలవగట్టు:
వెడల్పు తర్వాత, ముందు ముళ్ల సంగతి చూసుకోండి సార్. దారి పక్కన సర్కారు తుమ్మ, ఎండాకాలం పల్లేరుకాయలు, వీటికి 25 అయినా 40 అయినా ఒకటే. నేను ట్యూబుల్లో సీలెంట్ పోస్తాను, చిల్లు పడితే దానంతటదే పూడ్చే ద్రవం అది. వాల్వ్ కోర్, అంటే వాల్వ్ లోపలి చిన్న మర, ఊడొచ్చే ట్యూబైతేనే పోయగలం. పంక్చరయ్యాక టైర్ లోపల వేలు పెట్టకుండా గుడ్డతో తడమండి, ముల్లు అందులోనే విరిగి ఉంటే కొత్త ట్యూబూ గోవిందా. ఊళ్లో పంక్చర్ షాపు పంపు మన సన్న వాల్వ్‌కి పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో ఉంచుకోండి.

చైన్‌మసి:
ఆయన ముళ్ల గురించి అడగలేదు.

కాలవగట్టు:
పంక్చర్ అని ఆయనే రాశారు కదండీ.

రిమ్ముల రంగడు:
ట్యూబ్‌కి పక్కపక్కనే రెండు చీలికలున్నాయా, ఒకటే చిల్లా? రెండుంటే ముల్లు కాదు, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగింది. కంకర రోడ్డు మీద గాలి తక్కువుంటే ఇదే జరుగుతుంది.

మొరం మనిషి:
అక్కడ కంకర ఎక్కడుంది అన్నా, అది మొరం.

కాలవగట్టు:
మా గోదావరి వైపు ఆ ఎర్రమట్టినే గ్రావెల్ అంటాం.

చైన్‌మసి:
పేరేదైతేనేం.

మొరం మనిషి:
పేరులోనే ఉంది కదా అసలు సంగతి. ఎండిన మొరం మీద నున్న టైర్ కూడా హాయిగా పోతుంది, అదే వాన పడితే బంకలా అంటుకుని టైర్‌కీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుంటుంది, ఖాళీ లేకపోతే చక్రమే తిరగదు. కంకరైతే వెడల్పు కావాలి.

పెడల్‌పిచ్చి:
రెండు చీలికలే!! మట్టిదారి కదా అని గాలి 60కి దించాను. నేను 82 కేజీలు. బ్రేక్ రిమ్ బ్రేకే, రిమ్మును ప్యాడ్లతో పట్టేది, చెప్పలేదా?

చైన్‌మసి:
లేదు.

రిమ్ముల రంగడు:
అదీ సంగతి. మీ బరువుకి 25లో 60 అంటే నలగక ఏం చేస్తుంది. మామూలు రోడ్ బైక్ రిమ్ బ్రేకుల్లో చాలావాటికి 28తోనే సరి. 28 వేసి, గాలి వెనక 80, ముందు 72 దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెం దించి చూడండి. రిమ్ము వెడల్పుగా ఉంటే 28 కూడా ఉబ్బి 30 దాకా వస్తుంది. గాలి నిండాక 4 ఎంఎం అలెన్ కీ టైర్‌కీ బ్రేకుకీ మధ్య దూరాలి. ముందు చక్రానికి అలా దూరితే అక్కడ 32 ఉంచి వెనక 28 వేసుకున్నా తప్పులేదు. ఇంకోటి, షాపులో ‘28 టైర్’ అని అడక్కండి, పాత నల్ల సైకిల్‌ది చేతిలో పెడతాడు. దాని రిమ్ము కొలత 635 ఎంఎం, మీది 622, పక్కన ముద్రించి ఉంటుంది చూడండి.

మొరం మనిషి:
కొంచెం చిన్నవి, 650 చక్రాలు వేస్తే 40 కూడా పడుతుందిగా?

చైన్‌మసి:
రిమ్ బ్రేక్ అన్నాడుగా. చిన్న రిమ్ముకి ప్యాడ్లు అందవు.

పెడల్‌పిచ్చి:
3 ఎంఎం కీ కూడా దూరట్లేదు. సరే, 28 ఆర్డర్ పెట్టేశా. థాంక్స్. ఈ 32లు ఎవరికైనా కావాలా?

కాలవగట్టు:
సీలెంట్ మాత్రం మర్చిపోకండి సార్.