చిన్న హైడ్రాలిక్ మోటారుకు అంత బలం ఎక్కడిది?

ప్రశ్న (కొత్తగా నేర్చుకుంటున్నా):
గుంతలు తీసే ఆగర్‌కి బిగించిన హైడ్రాలిక్ మోటారు చూశాను. ఒక చేత్తో ఎత్తేంత ఉంది, కానీ గట్టి నేలలో కూడా ఆగకుండా నిదానంగా తిప్పేస్తోంది, పైగా గేర్‌బాక్స్ కూడా లేదు. వట్టి ఆయిల్‌తో ఇంత బలం ఎలా వస్తుంది? ఇలాంటివి ఇంకా ఎక్కడెక్కడ వాడతారు? ఇంకో డౌట్, మిషన్ వేడెక్కాక స్పీడ్ తగ్గుతోంది, అది మోటారు లోపమేనా?

జవాబు (హోస్‌పైపు):
బలం ఇంజిన్‌ది. ఇంజిన్ పంపును తిప్పితే పంపు ఆయిల్‌ను నెడుతుంది, ఆ నెట్టే శక్తిని మోటారు మళ్ళీ తిరగడంగా మారుస్తుంది. మీరు చూసింది దాదాపు ఖాయంగా ఆర్బిటల్ మోటారే అయి ఉంటుంది. దాన్ని విప్పితే లోపల 6 పళ్ళ రోటర్, దాని చుట్టూ 7 పళ్ళ రింగ్ కనిపిస్తాయి. ఒక పన్ను తక్కువ కాబట్టి రోటర్ మధ్యలో కుదురుగా ఉండదు, పక్కకు ఒరిగి రింగ్ లోపలే చుట్టూ దొర్లుతుంది. పళ్ళ మధ్య ఖాళీలు ఒకవైపు పెద్దవవుతుంటే అక్కడికి ప్రెషర్ ఆయిల్ వస్తుంది, రెండోవైపు చిన్నవవుతుంటే అక్కడి ఆయిల్ రిటర్న్‌కు పోతుంది. రోటర్ ఇలా 6 సార్లు దొర్లితే షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది, ఒక్కోసారి దొర్లినప్పుడు 7 ఖాళీలూ నిండుతాయి, అంటే ఒక్క చుట్టుకు ఆ ఖాళీలు 42 సార్లు నిండుతాయి. గేర్‌బాక్స్ చేయాల్సిన పని లోపలే అయిపోతుంది, అందుకే అంత నిదానం, అంత టార్క్ (తిప్పే బలం).

లెక్క కూడా సులువే. ఒక చుట్టుకు మోటారు ఎన్ని సీసీల ఆయిల్ తాగుతుందో ఆ అంకెను బార్‌లలో ప్రెషర్‌తో గుణించి 62.8తో భాగిస్తే న్యూటన్ మీటర్లలో టార్క్ వస్తుంది. 100 సీసీ మోటారుకు 150 బార్ ఇస్తే సుమారు 239, లోపలి రాపిడి వల్ల చేతికొచ్చేది కొంత తక్కువ. నిమిషానికి 40 లీటర్ల ఆయిల్ పంపితే 400 ఆర్‌పీఎం. ఇదంతా కలిపి 10 కిలోవాట్లు! ప్రెషర్ బలాన్నిస్తుంది, లీటర్లు వేగాన్నిస్తాయి, ఈ ఒక్కటి పట్టుకుంటే సగం హైడ్రాలిక్స్ వచ్చినట్టే.

జవాబు (పాత పిస్టన్):
పైన చెప్పింది బాగుంది, వాడకం గురించి నేను చెప్తా. వరికోత మిషన్ ముందు తిరిగే రీలు, రోడ్లు ఊడ్చే బండి బ్రష్‌లు, చిన్న కన్వేయర్లు, పడవల మీద వలలు లాగే చక్రాలు, వీటికి ఎక్కువగా ఆర్బిటల్. ఫ్యాన్‌లాగా వేగంగా తిరగాలంటే గేర్ మోటారు, అది చవక కానీ మరీ తక్కువ స్పీడ్‌లో సాఫీగా తిరగదు. ఎక్స్‌కవేటర్ ట్రాక్‌లకు పిస్టన్ మోటారు, ప్రెషర్ ఎక్కువ తట్టుకుంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చేది ఏంటంటే, లోడ్‌కి ఇరుక్కుపోయినా ఎలక్ట్రిక్ మోటారులాగా కాలిపోదు, ప్రెషర్ మితిమీరితే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్ ట్యాంక్‌కి పోతుంది. అలాగని అదేపనిగా పట్టి ఉంచొద్దు, ఆయిల్ సలసలా కాగిపోతుంది.

రెండు సంగతులు మర్చిపోకండి. మోటారు లోపల ఎప్పుడూ కొంచెం ఆయిల్ జారుతూనే ఉంటుంది కాబట్టి బరువును వేలాడదీసి ఆపడానికి మోటారును నమ్మకండి, వించ్ (తాడు చుట్టి బరువు లాగే యంత్రం) అయితే బ్రేక్ ఉండి తీరాలి. రెండోది, డ్రెయిన్ లైన్ (అలా లోపల జారిన ఆయిల్‌ను ట్యాంక్‌కి చేర్చే పైపు) ఉన్న మోటారుకు ఆ పోర్టును బిరడాతో మూసేయొద్దు, లోపల ప్రెషర్ పెరిగి షాఫ్ట్ సీల్ తన్నుకుని బయటికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్, ఆ 42 లెక్క చదివాకే అర్థమైంది. మరి వేడెక్కాక స్పీడ్ తగ్గడం?

జవాబు (హోస్‌పైపు):
ఆయిల్ వేడికి పలచబడి సందుల్లోంచి ఎక్కువ జారుతుంది. కొంచెం తగ్గితే మామూలే. బాగా తగ్గితే మాత్రం తప్పు పంపుదా మోటారుదా అని ముందు తేల్చుకోవాలి, చాలామంది చూడకుండానే మోటారు మార్చేస్తారు, అది నాకు బాధగా ఉంటుంది. మీ మోటారుకు డ్రెయిన్ లైన్ ఉంటే ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు దాన్ని ట్యాంక్ దగ్గర విప్పి కొలత డబ్బాలో పెట్టి, లోడ్ మీద ఒక నిమిషం నడిపి ఎంత వచ్చిందో చూడండి. ఆ మోడల్ కాగితంలో ఇచ్చిన దానికంటే చాలా ఎక్కువ వస్తే మోటారు అరిగింది. తక్కువే వస్తే పంపును, రిలీఫ్ వాల్వ్‌ను చూడండి. ఆయిల్ గ్రేడ్ సరిగ్గా ఉందా, ఫిల్టర్ ఎప్పుడు మార్చారు అన్నది కూడా కనుక్కోండి, సన్నటి ఇసుక రేణువులు చాలు ఆ పళ్ళను అరగదీయడానికి. ఎక్కడైనా హోస్ కారుతోందని అనుమానం వస్తే చేత్తో తడిమి చూడకండి, సన్నని రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. అట్టముక్క పట్టుకుని చూడండి, అది కూడా దూరం నుంచి.