పిల్లల పాత డెస్కు, కుర్చీ: రంగు లేపించాలా, అలాగే ఉంచాలా?

అడిగినవారు: మిర్యాలగూడ
దేవరకొండ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల అటక మీంచి చిన్న డెస్కు, దాని జోడీ కుర్చీ దించాం. మా మేనమామలు రాసుకున్నవి. వాలుగా మూత, కింద పుస్తకాల అర, పై అంచున సిరాబుడ్డికి గుండ్రటి బెజ్జం. బరువు చూస్తే టేకే అనిపిస్తోంది. పైన మందంగా ఆకుపచ్చ ఎనామిల్, మూలల్లో పెచ్చులు లేస్తోంది. ఒక కాలి అడుగున చెద. ఒకటో తరగతికి పోయే మా పాపకు ఇద్దామని ఉంది. వడ్లాయనేమో గ్రైండర్‌తో రంగంతా లేపి, కాళ్లు కోసి, పైన సన్‌మైకా వేస్తానంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు.

జవాబు: మహబూబ్‌నగర్
అన్నా, గ్రైండర్ మాత్రం పెట్టనీయకు. మాది వడ్రంగం ఇల్లే, చూసి చెప్తున్నా. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటొద్దన్న నిబంధన మన దగ్గర 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందువి, అందులోనూ పచ్చ, పసుపు, ఎరుపు ఎనామిళ్లు అనుమానించాల్సినవే. గ్రైండర్ పెడితే ఆ దుమ్మంతా ఇల్లంతా పరుచుకుంటుంది, పిల్లలకు చాలా ప్రమాదం. కాల్చి లేపడం కూడా వద్దు. ఆరుబయట, పాప లేనప్పుడు, మాస్కు కట్టుకుని, నీళ్లు చల్లుకుంటూ ఎమరీ పేపర్‌తో రుద్దించు. ఆ తడి ముద్దను గుడ్డతో ఎత్తి కవర్లో కట్టెయ్. తర్వాత స్పిరిట్‌లో లక్క కరిగించి పాలిష్ పట్టిస్తే టేకు గీతలు తేలతాయి. సన్‌మైకా ఎందుకు, దండగ!

కాలిని ఉలి మొనతో పొడిచి చూడు. చేవ, అంటే లోపలి గట్టి చెక్క, ఉన్నచోట చెద అంత తేలిగ్గా పట్టదు, అంచున తెల్ల చెక్కనే తింటుంది. మెత్తగా దిగిందా, అంతవరకు తీసి టేకు ముక్కే అతికించాలి.

జవాబు: నల్లగొండ, ఇద్దరు పిల్లల తల్లి
కోసే ముందు కొలవండి. మూడున్నర, నాలుగడుగుల పిల్లలకు సీటు నేల నుంచి 12 అంగుళాలు, బల్ల 21 అంగుళాలు ఉంటే సరిపోతుంది. పాదాలు నేలకు ఆనాలి. కాళ్లు ఒకసారి కోశాక మళ్లీ పెరగవు, పాప మాత్రం ఏడాదికోసారి పెరుగుతుంది. మూత తెరిస్తే అలాగే నిలిచేలా పక్కన ఆపుడు కడ్డీ వేయించండి, లేకుంటే వేళ్ల మీద పడుతుంది.

అడిగినవారు
కొలిచాను. సీటు 14, బల్ల 23. కాళ్లు కోయించట్లేదు, పాదాల కింద రెండంగుళాల పీట వేయిస్తాను. ఉలి కూడా అంగుళం దిగింది అన్నా, ఆ ముక్క మార్పిస్తున్నా. సన్‌మైకా వద్దన్నానని వడ్లాయన అలిగాడు. లక్క పాలిష్ చేసే పనివాళ్లు మిర్యాలగూడ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి.