బంగాళాదుంప కూరా, రెండో అన్నమా?

పటమట వంటిల్లు:
మా ఇంట్లో ఎడతెగని వాదన ఒకటి నలుగురి ముందు పెడుతున్నాను. అన్నంలోకి బంగాళాదుంప వేపుడు చేసేసి, ఈ పూటకి కూర అయిపోయింది అనుకోవడం సరైనదేనా? నా మటుకు కాదు. దుంప కూర లెక్కలోకి రాదు, అన్నం పక్కన పెట్టిన ఇంకో అన్నం అది. అలాగని వండొద్దు అనడం లేదు. దుంపంటే నాకు చాలా ఇష్టం, వారంలో సగం రోజులు మా పొయ్యి మీద ఏదో ఒక రూపంలో ఉంటుంది. దాన్ని అన్నంలోకి కాకుండా అన్నం బదులు వండుకోవాలి అంటున్నాను.

ఉడికిన దుంప వంద గ్రాములు తీసుకుంటే పిండిపదార్థం 20 గ్రాముల దాకా ఉంటుంది, మాంసకృత్తులు 2 గ్రాములు కూడా దాటవు. వండిన అన్నం అయితే వంద గ్రాములకి పిండిపదార్థం దాదాపు 28 గ్రాములు. రెండూ ఒకే కోవలోవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమంటుంది కదా, ఆ లెక్కలో బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం లాంటివి కలపొద్దని కూడా చెబుతుంది. మనం మాత్రం రైతుబజారు నుంచి రెండు కిలోలు తెచ్చి కూరగాయల బుట్టలో పోసేసి, వారానికి సరిపడా కూరగాయలు ఉన్నాయని ధీమాగా ఉంటాం.

అందుకే కొన్నాళ్లుగా వేరేలా వండుతున్నాను. పెసరట్టులో ఉప్మా పెట్టుకోవడం మనకి అలవాటే. ఉప్మా బదులు, ఉడికించి చిదిమిన దుంపలో అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర, కాస్త నిమ్మరసం కలిపి పెడుతున్నాను. పెసల వల్ల మాంసకృత్తులు అందుతాయి, దుంప వల్ల కడుపు నిండుతుంది. రాత్రి అది తిన్నాక అన్నం ఎవరూ అడగరు.

ఇంకొకటి గోంగూర దుంప. దీనికో కిటుకు ఉంది. పులుపు తగిలిందంటే దుంప ఇక మెత్తబడదు. పచ్చి ముక్కల్ని గోంగూరతో కలిపి పొయ్యి మీద పెడితే ఎంతసేపు ఉడికినా ముక్క నడుమ గట్టిగానే ఉంటుంది. చింతపండు పులుసుతో కూడా అంతే. కాబట్టి ముక్కల్నీ, నానబెట్టిన శనగపప్పునీ ముందే ఉడికించి పెట్టుకోవాలి. శనగపప్పు వేలితో నొక్కితే చితకాలి, పప్పులా మాత్రం కలిసిపోకూడదు. గోంగూర నూనెలో మగ్గి, ఆకుపచ్చ రంగు పోయి దగ్గరపడ్డాక రెండూ అందులో వేసి, మూకుడు అంచుల్లో నూనె తేలే దాకా సన్నటి సెగ మీద ఉంచాలి. ఇందులోకి ఒక్క జొన్నరొట్టె చాలు.

ఇలా వండిన రోజు మా ఇంట్లో బియ్యం సగమే పోస్తున్నాను. మా అత్తగారు మాత్రం "దుంపని దుంపలా వండవేంటమ్మా" అంటారు. మీరేమంటారు?

బ్రాడీపేట పెదనాన్న:
తల్లీ, లెక్కలు తప్పని నేను అనను. కానీ భోజనాన్ని ఒక్కో గిన్నె విడదీసి చూస్తే ఎలా? మా ఇంట్లో దుంప వేపుడు ఒంటరిగా ఎప్పుడూ రాదు. ముద్దపప్పు, నెయ్యి, పప్పుచారు, ఆఖర్న గడ్డపెరుగు ఉంటాయి. పప్పులో, పెరుగులో మాంసకృత్తులు రానే వచ్చాయి. ఇక దుంపని పట్టుకుని నువ్వు కూరవి కాదు పొమ్మనడం దేనికి?

అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు దుంపని కూరగాయల్లోనే పెట్టారు, పిండి ఎక్కువున్న కూరగాయ అని విడిగా చూపిస్తారు, అంతే. బెంగాలీలు గసగసాల ముద్దలో దుంపలు వండి అన్నంలోనే తింటారు. ఒక సంస్థ లెక్కలోంచి తీసేసినంత మాత్రాన తరాల అలవాటు తప్పయిపోదు. పైగా దుంపలో సి విటమిన్ ఉంది, పొటాషియం ఉంది. మనం తినే తెల్లన్నంలో సి విటమిన్ ఎక్కడుంది?

వేపుడంటే ఏమిటో కూడా చెప్పనీ. ముక్కలు చిటికెన వేలి గోరంత కోసి, పైనున్న పిండి పోయేలా నీళ్లలో కడిగి, పొడిగుడ్డ మీద తడి ఆరనివ్వాలి. మూకుడు బాగా కాగాక వేసి, ఇక దాని జోలికి పోకూడదు. అడుగు ఎర్రబడ్డాకే ఒకసారి తిరగెయ్యాలి. మూత పెట్టామా, ఆవిరికి ముద్దకూర అయిపోతుంది. వెల్లుల్లికారం దించే ముందు చల్లాలి, లేకపోతే వెల్లుల్లి మాడి చేదొస్తుంది. అలా చేసిన వేపుడు నాలుగు ముక్కలు పప్పన్నంలో నంజుకుంటే చాలు. ఎంత తింటున్నాం అన్నదే లెక్క. దుంపని జొన్నరొట్టెకీ పెసరట్టుకీ అప్పగించేసి అన్నం కంచంలోంచి వెళ్లగొట్టక్కర్లేదు.

లక్ష్మీపురం అమ్మ:
పెదనాన్న గారు నాలుగు ముక్కలు అంటున్నారు గానీ, మా పిల్లల బాక్సులో చూడండి. అన్నం, దుంప వేపుడు, అంతే. పప్పు కలిపితే బాక్స్ అలాగే వెనక్కి వస్తుంది. అక్కా, మీరు చెప్పింది నిజమే అనిపిస్తోంది, కానీ పొద్దున్నే బస్ టైముకి పెసలు రుబ్బి అట్లు పోసే తీరిక ఎవరికుంది? పిల్లాడు ఏదో ఒకటి కడుపునిండా తింటే చాలనుకునే రోజులు ఉంటాయి. ఆ రోజుల్లో దుంపే నన్ను ఆదుకుంటుంది. దాని మీద ఇంత టెన్షన్ పెట్టొద్దండీ.

వంట మేస్త్రి, మంగళగిరి:
నేను పెళ్లి వంటలు చేస్తాను, చూసింది చెబుతాను. కారం దట్టించిన దుంప వేపుడు పెట్టిన పంక్తిలో అన్నం తొందరగా అయిపోతుంది. జనం వేపుడు కోసం మారు అన్నం వేయించుకుంటారు. అదే పూరీతో దుంప కూర మొదట వడ్డిస్తే, అన్నం దగ్గరికి వచ్చేసరికి చాలామంది చెయ్యి అడ్డం పెడతారు. అందుకే బియ్యం లెక్క చెప్పేటప్పుడు వంటకాల పట్టీ చూసే చెబుతాం. పటమట మేడం గారు చెప్పిన దాంట్లో పస ఉంది.

ఇంకొక మాట. దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి లోపలి పిండి కొంత చక్కెరగా మారుతుంది. అలాంటి దుంప మూకుట్లో వెయ్యగానే నల్లబడుతుంది, లోపల ఉడకదు, రుచి కూడా తీపిగా తేడా కొడుతుంది. గోనెసంచి మీద, గాలి తగిలే చోట, చీకట్లో ఆరబోయాలి. వెలుతురు తగిలి పచ్చబడిన దుంప చేదుగా ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. బాగా పచ్చబడితే పారెయ్యడమే.

భవానీపురం:
మా నాన్నగారికి షుగర్. మా ఇంట్లో ఈ చర్చ ఎప్పుడో తేలిపోయింది. అన్నంలో దుంప కూర తిన్న రోజు మీటర్ పెట్టి చూస్తే అంకె పైకి పోతుంది. అన్నం మానేసి దుంపలు, గుడ్డు, పెద్ద గిన్నెడు ఆకుకూర పెడితే అంత ఉండదు. ఇది మా నాన్నగారి సంగతి, అందరికీ ఇలాగే ఉండాలని లేదు, మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడిగి మార్చుకోవాలి. ఉడికించి చల్లార్చిన దుంపలో పిండి కొంత అరగని రూపంలోకి మారుతుందన్నది నిజం. దాన్ని పట్టుకుని, చల్లార్చి తింటే షుగర్ పెరగదని వీడియోల్లో చెప్పేది మాత్రం నమ్మకండి. మారేది కొంతే, మిగతా పిండి పిండే.

ఎర్రగా మాడ్చి తినేవాళ్లకి కూడా ఒక మాట. పిండి ఉన్నవాటిని ఎక్కువ వేడి మీద వేపితే అక్రిలమైడ్ అనే రసాయనం తయారవుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ముదురు గోధుమ రంగు దాకా పోనివ్వకుండా బంగారు రంగులో దించెయ్యడం మంచిది. మేస్త్రి గారు చెప్పిన ఫ్రిజ్ సంగతి దీనికి కూడా వర్తిస్తుంది, చక్కెర పెరిగిన దుంపలోనే ఇది ఎక్కువ పుడుతుంది.

బెంజిసర్కిల్ రూమ్మేట్:
ముగ్గురం ఉంటాం, ఒకటే స్టవ్. నెలాఖర్లో మా తిండి అంతా దుంపలు, గుడ్లు, ఉల్లిపాయలే. పెదనాన్న గారూ, పప్పు, పప్పుచారు, పెరుగు, నెయ్యి అన్నీ ఉన్న ఇంట్లో దుంప ఒక మూలన ఉంటుంది, సరే. మా గదిలో అదొక్కటే ఉంటుంది. అందుకే అక్క మాట మాకు బాగా పనికొస్తుంది. కుక్కర్లో ఎర్ర కందిపప్పు, దుంప ముక్కలు, టమాటా, ఒక కట్ట తోటకూర వేసి మూడు విజిల్స్ వచ్చాక తాలింపు పెట్టుకుంటున్నాం. అన్నం వండకుండా గిన్నెల్లో పోసుకుని చెంచాతో తినేస్తాం. ఒకటే డౌట్, టమాటా కూడా పులుపే కదా, దుంప ఎలా ఉడుకుతోంది?

పటమట వంటిల్లు:
ముందు తమ్ముడి డౌట్. కుక్కర్లో ఆవిరి ఒత్తిడికి వేడి నూరు డిగ్రీలు దాటిపోతుంది, పైగా టమాటా పులుపు చింతపండు అంత గట్టిది కాదు. అందుకని ఉడికిపోతుంది. మామూలు గిన్నెలో చేస్తే మాత్రం దుంప మెత్తబడ్డాకే టమాటా వెయ్యి.

పెదనాన్న గారూ, మీరు చెప్పిన విస్తరి మీద నాకు ఏ పేచీ లేదు. ముద్దపప్పు పక్కన నాలుగు ముక్కల వేపుడు ఉంటే అది నంజుడు, దానికి నేను అడ్డు చెప్పను. కానీ ఇప్పుడు ఎన్ని ఇళ్లలో ఆ విస్తరి మొత్తం వస్తోంది? లక్ష్మీపురం చెల్లెలి బాక్సులో ఉన్నది అన్నం, వేపుడు. ఉద్యోగాలకి పోయే ఇళ్లలో చాలాచోట్ల అంతే. పాత భోజనంలోంచి పప్పు పోయింది, ఆకుకూర పోయింది, వేపుడు మాత్రం పెద్దదై కూర్చుంది. నా బాధ దాని గురించి.

మీరే అన్నారు, తెల్లన్నంలో లేని సి విటమిన్ దుంపలో ఉందని. అది నా వైపు మాటే అండీ. అన్నంతో పోలిస్తే దుంప కొన్ని విషయాల్లో మేలైనది కాబట్టే అన్నం చోట పెట్టమంటున్నాను. తొక్క తీయకుండా ఉడికిస్తే ఆ విటమిన్ నీళ్లలోకి పోకుండా చాలావరకు మిగులుతుంది. దుంప పుట్టింది దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద, అక్కడి వాళ్లకి అదే ముఖ్య ఆహారం. 1845లో తెగులు వచ్చి పంట పోయే దాకా ఐర్లండ్ పేద రైతులు దుంపలు, మజ్జిగతోనే బతికారు. అంత బరువు మోసిన తిండిని మనం తెచ్చి, ఇంకో బరువైన తిండి పక్కన నంజుడుగా పెట్టాం.

చెల్లీ, బాక్స్ సంగతి. వేపుడే చెయ్యి, పొద్దున్నే రుబ్బే పని పెట్టుకోవద్దు. ముక్కలు వేగాక రెండు గుడ్లు కొట్టి పొయ్యి, లేదా ముందురోజు నానబెట్టిన శనగలు ఉడికించి గుప్పెడు కలుపు. దించే ముందు వేయించిన నువ్వులు, ఎండుమిర్చి, వెల్లుల్లి కలిపి కొట్టిన పొడి చల్లు. మా అబ్బాయి కూడా పప్పు అంటే బాక్స్ తెరవడు, ఇలా చేస్తే తింటున్నాడు. అన్నం ఒక గరిటె తగ్గించు, వాడికి తేడా తెలియదు.

లక్ష్మీపురం అమ్మ:
గుడ్డు కలిపిన వేపుడు అయితే తింటాడు అక్కా, వీలవుతుంది. అన్నం తగ్గించే దగ్గర మాత్రం మీతో కలవను. ఆటలాడే పిల్లాడు, సాయంత్రానికి ఆకలితో వస్తాడు.

పటమట వంటిల్లు:
అలాగైతే తగ్గించకు. ఆ వయసు పిల్లాడికి ఆకలే కొలత. సగం బియ్యం మాట కుర్చీలో కూర్చుని పనిచేసే మాలాంటి పెద్దవాళ్లకి.

బ్రాడీపేట పెదనాన్న:
వేపుడు పెద్దదైంది, పప్పు పోయింది అన్నావు చూడు, ఆ ఒక్క మాట ఒప్పుకుంటాను. మా పెద్దబ్బాయి ఇంట్లో చూస్తూనే ఉన్నాను. మిగతాది ఒప్పుకోను. వేడి అన్నం, వేపుడు లేని ఆదివారం నాకు వద్దు. గోంగూర దుంప మాత్రం మీ పెద్దమ్మ ఈ వారం చేస్తానంటోంది. ఎండుమిర్చి వెయ్యాలా, పచ్చిమిర్చా? మా దగ్గర కొత్త తేజ కాయ ఉంది, ఘాటు ఎక్కువ.

పటమట వంటిల్లు:
పచ్చిమిర్చి వెయ్యమనండి, గోంగూరతో పాటే మగ్గాలి. తేజ కాయలు రెండు తుంచి తాలింపులో వేస్తే చాలు, కారంపొడి వద్దు. దుంప ఉప్పుని బాగా పీలుస్తుంది కాబట్టి ముక్కలు ఉడికేటప్పుడే సగం ఉప్పు వెయ్యాలి. చేసిన పూట కంటే మర్నాటికి ఇంకా బాగుంటుంది, కాబట్టి పెద్దమ్మని శనివారం రాత్రే చెయ్యమనండి.