సెకండ్ హ్యాండ్ కారు: నడిపితే బాగుంది, చూస్తే బాగుంది. అడ్వాన్స్ ఇచ్చేయనా?

మొదటి కారు

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇన్నాళ్లూ అద్దె బండ్లలోనే తిప్పాను. డయాలసిస్ అయి బయటికొచ్చేసరికి ఆయనకు ఓపిక ఉండదు. బండి వచ్చేదాకా గేటు దగ్గర గోడకు ఆనుకుని నిలబడుతుంటే చూడలేకపోతున్నాను. అందుకే సెకండ్ హ్యాండ్ కారు వెతుకుతున్నాను.

నిన్న ఒకటి చూశాను. 7 ఏళ్ల పెట్రోల్ కారు, మీటర్‌లో 42,000 కిలోమీటర్లు. ఒక్కరి చేతిలోనే ఉందన్నారు. నేను వెళ్లేసరికే ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచారు. ఒక రౌండ్ నడిపాను, స్మూత్‌గా ఉంది. సీట్లకు కొత్త కవర్లు, లోపల మంచి వాసన. రేపు ఇంకెవరో చూడ్డానికి వస్తున్నారట, ఈరోజే అడ్వాన్స్ ఇస్తే ఆపుతామంటున్నారు. నాకు నడపడం తప్ప బండి సంగతి ఏమీ తెలియదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఇచ్చేయమంటారా?

నీలి బండి

ఇవ్వకండి. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మూడేళ్ల కిందట నేనూ ఇలాగే కొన్నాను. సాయంత్రం చీకటిపడే వేళ చూశాం. బండి తళతళలాడుతోంది. డోరు తీయగానే స్ప్రే వాసన గుప్పుమంది. ‘ఎంత శుభ్రంగా ఉంచుకున్నారో’ అంది మా ఆవిడ. బానెట్ ఎత్తి చూపించారు. ఏం చూడాలో తెలియదు కాబట్టి నాకు అంతా బాగానే కనిపించింది. మర్నాడే డబ్బు కట్టేశాను.

రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత ఒక రాత్రి రెండు గంటలప్పుడు టక్ టక్‌మని చప్పుడు. కిటికీలోంచి చూస్తే, ఆపి ఉన్న బండికి డోర్ లాకులు వాటంతటవే పడుతున్నాయి, లేస్తున్నాయి. తెల్లారేసరికి బ్యాటరీ డౌన్. కొత్తది వేయించాను, వారానికి అదీ డౌన్. తర్వాత ఏసీ ఫ్యాన్ పోయింది. ఆ తర్వాత ఒక పవర్ విండో. ఎలక్ట్రీషియన్ ఒక్కో సామానూ మార్చుకుంటూ పోయాడు, నేను కట్టుకుంటూ పోయాను. చివరికి ఒక పెద్దాయన, పాతకాలం మెకానిక్, ఏ సామానూ మార్చకుండా ముందు డ్రైవర్ సీటు విప్పాడు. కార్పెట్ అంచు పట్టి పైకి లాగాడు. దాని కింద స్పాంజి ఇంకా తడిగానే ఉంది. వేలితో నొక్కితే బురదనీళ్లు ఊరాయి. అక్కడే ఉన్న వైరింగ్ కనెక్టర్ ఒకటి ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది. మూలల్లో పిండి లాంటి ఒండ్రు.

ఎక్కడో వరదలో మునిగిన బండి అది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, ‘మీరు చూసుకునే కదా కొన్నారు’ అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

ఆ పెద్దాయన నాకు చూపించినవే మీకు చెబుతున్నాను. సీటు బెల్టును మామూలుగా ఎవరూ పూర్తిగా బయటికి లాగరు. మీరు చివరిదాకా లాగండి. మొదట్లో ఉన్న రంగే చివర్లోనూ ఉందా, మట్టి చార ఏమైనా ఉందా చూడండి. నా బండిలో చివరి జానెడు మట్టిరంగులోకి మారి, చేతికి గరుగ్గా తగిలింది. తర్వాత టార్చి వేసి సీటు కింద పట్టాలు, బోల్టులు చూడండి. వాన తగలని చోట అంత తుప్పు ఎందుకుంటుంది? డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టి తడమండి. హెడ్‌లైట్ గ్లాసు లోపల నీటి గీత ఉందేమో చూడండి. స్ప్రే కొట్టి ఉంటే డోర్లన్నీ తీసి ఆ వాసన పోనివ్వండి. మళ్లీ మూసి పదినిమిషాలాగి ఎక్కండి, తడికి ముక్కిపోయిన వాసన దాగదు. అమ్మేవాళ్లు కంటికి ఆనేదంతా తుడుస్తారు, మీరు వాళ్ల గుడ్డ చేరని చోట చూడాలి.

తక్కువకు వస్తే వరద బండి అయినా పర్లేదు, బాగు చేయించుకుందాం అని కొందరంటారు. మీరు మాత్రం ఆ మాట వినకండి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ ముందు సీట్ల మధ్య, నేలకు ఆనుకునే ఉంటుంది. నీళ్లు లోపలికొస్తే తొందరగా తడిసే వాటిలో అదొకటి. నాన్నగారిని కూర్చోబెట్టాల్సిన బండి కదా.

షెడ్డు మనిషి

అన్న చెప్పినదంతా నిజం. నేను 22 ఏళ్లుగా షెడ్డులో పనిచేస్తున్నాను. మీరు రాసినదాంట్లో ఇంజిన్ ముందే స్టార్ట్ చేసి ఉంచారన్న చోటే నాకు అనుమానం వచ్చింది. వేడెక్కిన ఇంజిన్ చాలా రోగాలు దాచేస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే ఇంజిన్ లోపలి చైన్ గలగలలు, పొగలు బయటపడేది. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, ‘రేపు పొద్దున్నే వస్తాం, అప్పటిదాకా స్టార్ట్ చేయకండి’ అని చెప్పి వచ్చేయండి.

స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు సైలెన్సర్ దగ్గర నిలబడాలి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. చలి పొద్దున కాసేపు తెల్లగా వస్తే భయపడకండి, అది ఆవిరే. అదే ఆగకుండా వస్తూ తియ్యటి వాసన వేస్తే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ లోపలికి పోతోందన్నమాట. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ఆయిల్ పోసే మూత విప్పి వెనక్కి తిప్పి చూడండి. మీగడలా పేరుకుని ఉంటే, కూలెంట్ డబ్బాలో ఆయిల్ తేలుతోందేమో అదీ చూడండి. రెండూ ఉంటే, ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే అనుకోండి. మూతకు కొద్దిగా ఉన్నంత మాత్రాన కంగారు వద్దు, రోజూ దగ్గర దగ్గర దూరాలే తిరిగే బండికి అలా పడుతుంది.

ఇక 42,000 మాట. డిజిటల్ మీటర్ కూడా వెనక్కి తిప్పుతారు, ల్యాప్‌టాప్ ఉంటే చాలు. బ్రేకు, క్లచ్ పెడళ్ల రబ్బర్లు చూడండి. నలభై వేలకే గీతలు పూర్తిగా అరిగి నున్నబడవు. చుట్టూ అంతా పాతగా ఉండి రబ్బర్లు మాత్రం కొత్తవైనా అడగాల్సిందే. ఆ కొత్త సీటు కవరు ఎత్తించి, డ్రైవర్ దిగేవైపు అంచు ఎంత నలిగిందో చూడండి. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర 4 అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని. ఆ టైర్లు బండితో వచ్చినవో, తర్వాత వేసినవో దాంతో తెలిసిపోతుంది. అన్నిటికన్నా పాత సర్వీసు బిల్లులు అడగండి, ప్రతి బిల్లు మీదా ఆరోజు మీటర్ ఎంతుందో రాసి ఉంటుంది.

బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించడం మర్చిపోకండి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో 2001 నుంచి పెట్రోల్ కార్లకు ఓబీడీ, అంటే లోపాలను బండే కనిపెట్టే ఏర్పాటు, తప్పనిసరి అయింది, మీరు చూసిన వయసు బండికి స్కానర్ తగిలించే ఆ పోర్టు దాదాపు ఖాయంగా ఉంటుంది. అయితే స్కానర్‌లో ఏ కోడూ లేదంటే బండి బాగున్నట్టేనని అనుకోవద్దు. మీరు వచ్చే అరగంట ముందు తుడిచేసి ఉండొచ్చు. అలా తుడిచినా, బ్యాటరీ తీసి పెట్టినా బండి తనను తాను చేసుకునే టెస్టులు మళ్లీ మొదటికొస్తాయి. స్కానర్‌లో రెడీనెస్ పేజీ తెరిస్తే ‘నాట్ రెడీ’ అని ఒకటికి నాలుగు కనిపిస్తాయి. అప్పుడు ఎందుకు తుడిచారని అడగండి.

ఇద్దరు పిల్లల అమ్మ

మాకు దెబ్బ కాగితాల దగ్గర తగిలింది. కొన్న ఐదు నెలలకు ఫైనాన్స్ వాళ్లు ఇంటిముందు నిలబడ్డారు. పాత ఓనరు లోను కట్టడం ఎప్పుడో మానేశాడట. పిల్లలు చూస్తుండగానే బండి తీసుకెళ్లారు. లోను తీరిపోయిందని అప్పిచ్చినవాళ్లు రాసిచ్చిన కాగితం చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి తమ్ముడూ. ఛాసిస్ నంబర్‌లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. కాగితంలో ఉన్నదీ, బండి బాడీ మీద గుద్దినదీ ఒక్కొక్కటీ వేలు పెట్టి సరిచూసుకోండి. గుద్దినచోట గీకినట్టో, మళ్లీ రంగు వేసినట్టో ఉంటే అక్కడితో ఆపేయండి.

మొదటి కారు

అడ్వాన్స్ ఇవ్వలేదు. మీ అందరికీ చేతులెత్తి దండం. ఏం జరిగిందో చెబుతాను.

ఇవ్వనంటే బండి అమ్ముడైపోతుందన్నారు. అవలేదు. ఆదివారం పొద్దున ఏడింటికి తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. బానెట్ చల్లగానే ఉంది. బెల్టులు చివరిదాకా లాగాం, శుభ్రంగా ఉన్నాయి. సీటు పట్టాలకు తుప్పు లేదు. పొగ లేదు. అప్పటికి నా మనసు కుదుటపడింది, ఇక తీసేసుకుందామనే అనుకున్నాను.

అప్పుడు మెకానిక్ అద్దాల మూలలు చూడమన్నాడు. ప్రతి అద్దానికీ కింద, అది తయారైన ఏడాది తెలిపే చిన్న ముద్ర ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది. అన్నీ ఒకే ఏడాదివి, ఎడమ ముందు డోరుది మాత్రం రెండేళ్ల తర్వాతది. ఫెండర్ బోల్టుల తలల మీద పెయింట్ లేచిపోయి స్పానర్ గాట్లు ఉన్నాయి. పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టాడు. పైకప్పు మీద 110 మైక్రాన్లు, ఎడమ డోరు మీద 640. చివరగా కీ ఆన్ చేసి డ్యాష్‌బోర్డు చూడమన్నాడు. ఎయిర్‌బ్యాగ్ లైటు అసలు వెలగలేదు. ఓనరు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘చిన్న దెబ్బే తగిలింది’ అన్నారు. బండి వదిలేసి వచ్చేశాను.

షెడ్డు మనిషి

కంపెనీ పెయింట్ సుమారు 100 నుంచి 150 దాకా ఉంటుంది. 640 అంటే కింద పుట్టీ ఉంది. దానికన్నా ఆ లైటు సంగతి పెద్దది. కీ ఆన్ చేయగానే వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగలేదంటే అది కనిపించకుండా ఎవరో ఏదో చేశారని నా అనుమానం. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నాక కొత్తది వేయకుండా పైన కవరు అతికించి అమ్మిన బండ్లు నా చేతికి వచ్చాయి. వదిలేసి మంచి పని చేశారు.

మొదటి కారు

ఇప్పుడు ఇంకొకటి చూస్తున్నాను. 9 ఏళ్లది, 88,000 తిరిగింది. కిలోమీటర్లు చూసి ముందు వెనకాడాను. కానీ మొదటి సర్వీసు నుంచి బిల్లులన్నీ ఫైలులో ఉన్నాయి. ఎవరినైనా తెచ్చుకోండి, ఎంతసేపైనా చూసుకోండి అన్నారు ఆ పెద్దావిడ. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు మాత్రం కనపడలేదు.

షెడ్డు మనిషి

టైమింగ్ బెల్టంటే ఇంజిన్ వాల్వులను వేళకు తెరిచి మూయించేది, కొన్ని ఇంజిన్లలో ఆ పని చైన్ చేస్తుంది. ఆ ఇంజిన్‌కు బెల్టో చైనో ముందు కనుక్కోండి. బెల్టయితే కంపెనీ పుస్తకంలో ఎన్ని వేలకు, ఎన్నేళ్లకు మార్చమన్నారో చూడండి, రెండింట్లో ఏది ముందొస్తే అదే లెక్క. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే వాల్వులు వంగిపోతాయి. మార్చకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి, కొన్న వెంటనే మార్పించేయండి.

నీలి బండి

ఇది వింటుంటే నాకు ధైర్యంగా ఉంది. 88,000 ఎక్కువేం కాదు, ఎలా తిరిగిందో కాగితం మీద ఉంది కదా. మెకానిక్ సరేనన్నాక, డబ్బు కట్టకముందే నాన్నగారిని ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. డయాలసిస్ లేని రోజు కాదు, అయిన రోజే, కుదిరితే తిరిగొచ్చే దారిలో. ముందు సీట్లో ఒకసారి, వెనక సీట్లో ఒకసారి ఎక్కించి దించి చూడండి. సీటు మరీ కిందికి ఉంటే లేవడానికి ఆయన దేన్ని పట్టుకుంటారో గమనించండి.